టూరు రిపోర్టులో లేని గడి

పనిమీద ఊళ్లు తిరిగొచ్చినవాళ్లు ఆఫీసులో ఇచ్చే కాగితాలు రెండే రకాలు. ఒకటి ఖర్చుల లెక్క: బస్సు టికెట్టు, లాడ్జి రసీదు, భోజనం బిల్లు. రెండోది టూరు రిపోర్టు: ఎవరిని కలిశారు, ఎంత ఆర్డరు వచ్చింది, ఎంత బాకీ వసూలైంది. దారిలో ఏం కనబడింది, బస్సులో జనం దేని గురించి మాట్లాడుకుంటున్నారు, ఊళ్లో ఏ వేళకు మనుషులు దొరుకుతారు అన్నవి రాయడానికి అందులో గడి ఉండదు. ఆ గడి ఉండాలన్నదే నా వాదన. ఎడతెగని ప్రయాణాల్లో ఎదురయ్యే చిన్న చిన్న సంగతులను జనం కాలక్షేపం కింద జమకడతారు. నా లెక్కలో అవి పనిలో సగం.

తమిళనాడులోని హోసూరు దారినే చూడండి. బెంగుళూరుకు నలభై కిలోమీటర్ల దూరం. టీవీఎస్, అశోక్ లేలాండ్, టైటాన్ కర్మాగారాల వల్ల రోజూ ఎందరో వ్యాపారం పనిమీద పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతారు. అక్కణ్ణుంచి డెంకణికోట మీదుగా అంచెట్టికి రమారమి యాభై కిలోమీటర్లే. అయినా డెంకణికోట దాటితే లోకమే వేరు. అడవి, కొండలు, మలుపుల దారి, ఆవలి అంచున కావేరి. ఏటా వానలు వెనకబట్టే వేళకు బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల మందలు జవళగిరి మీదుగా ఈ అడవుల్లోకి దిగుతాయి. సరిగ్గా రాగి వెన్ను ముదిరే కాలమది. ఆ నెలల్లో రైతు రాత్రంతా మంచె మీద మేలుకుని ఉంటాడు. విత్తనాల కంపెనీ మనిషో, బ్యాంకు ఆఫీసరో పొద్దున పదింటికి మీటింగు పెట్టి, నలుగురే వచ్చారని, ఈ ఊరివాళ్లకు ఆసక్తి లేదని రిపోర్టు రాస్తే అది అబద్ధం కాకపోవచ్చు, నిజం మాత్రం కాదు. రాత్రి కాపలా కాసినవాడు పదింటికి నిద్రపోతుంటాడు. ఈ సంగతి మీటింగులో ఎవరూ చెప్పరు. చెప్పాల్సినవాళ్లు అక్కడ లేరు కదా. టీ కొట్టు దగ్గర పావుగంట నిలబడ్డవాడికి తెలుస్తుంది.

భాష సంగతి ఇంకా చిక్కైనది. హోసూరు చుట్టుపక్కల మొరసునాడులో ఒకే మనిషి ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, తాలూకాఫీసులో తమిళం మాట్లాడటం మామూలు. తెలుగువాళ్లున్న ఊరు కదా అని కంపెనీ తెలుగులో కరపత్రం వేయించి పంచితే, దాన్ని చదివేవాళ్లు పెద్దవాళ్లలోనే కొద్దిమంది. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి మొదలై ఏటా ఒక్కో తరగతి చొప్పున బడుల్లో తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగే మాట్లాడే కుర్రవాడికి అలవాటైన అక్షరాలు తమిళానివి. అలాగని తమిళ కరపత్రం ఇచ్చి ఊరుకున్నా చాలదు. తండ్రీకొడుకులు ధర గురించి తమలో తాము ఆలోచించుకునేది తెలుగులోనే. చేతికిచ్చే కాగితం తమిళంలో, పక్కన కూర్చుని చెప్పే మాట తెలుగులో ఉండాలి. (తెలుగు చదువు అలా జారిపోవడం నాకు బాధే. ఆ బాధను కరపత్రం తీర్చలేదు.) జనాభా లెక్కల పట్టిక మాతృభాష చెబుతుంది. మనిషి ఏ భాషలో చదువుతాడో, ఏ భాషలో బేరం తేల్చుకుంటాడో చెప్పదు. బస్సులో రెండు సీట్ల మాటలు విన్నా ఆ తేడా పట్టుబడుతుంది.

ఇదంతా ఫోన్లో అడిగి తెలుసుకోవచ్చు కదా, ఇంత తిరుగుడెందుకు అనేవాళ్లున్నారు. నిజమే, ధర ఫోన్లో తెలుస్తుంది, ఫొటో కూడా వస్తుంది. కానీ చింతపండు కొనేవాణ్ణి అడగండి. కృష్ణగిరి జిల్లాలో చింతపండు పెద్ద సరుకు. ఆడవాళ్లు కాయ పెంకు కొట్టి, ఈనెలు లాగి, గింజ తీస్తారు. గింజ ఎంత మిగిలింది, ఈనెలు సరిగా పోయాయా అన్నదాన్ని బట్టి ధర. ఫొటోలో రంగు కనబడుతుంది. వేళ్ల మధ్య పిసికి చూస్తేనే తడి తెలుస్తుంది. తడి ఎక్కువైతే తూకం పెరుగుతుంది, నిలవకు ఆగదు. అసలు ఇబ్బంది ఏమిటంటే, ఫోను మనం అడిగినదానికే జవాబు చెబుతుంది. అడగాలని తోచని ప్రశ్న ఊళ్లోకి వెళ్తేనే తోస్తుంది.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఇలా చూసి, విని, రాసుకోవడం బలవంతుడి చేతిలో ఆయుధం కాదా? అవుతుంది. ఈ నేలమీదే అయింది. 1792లో టిప్పు నుంచి కృష్ణగిరి చుట్టుపక్కల బారామహలు ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక అలెగ్జాండర్ రీడ్, అతని కింద థామస్ మన్రో అక్కడ ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి పొలాలు, పంటలు, రైతుల స్థితి రాసుకున్నారు. రైతుతో నేరుగా శిస్తు కట్టుకునే రైత్వారీ పద్ధతి ఆ తిరుగుడులోంచే రూపుకట్టింది. కచేరీలో కూర్చుని జమీందారు మాట నమ్మినవాళ్లకు దక్కని జ్ఞానమది. అయితే ఆ జ్ఞానం పనిచేసింది పన్ను కోసం. నేటి వ్యాపారికీ ఆ ప్రమాదం ఉంది. ఫలానా రైతు రాగిని ఏనుగులు తొక్కాయని బస్సులో విని, అతని అవసరం పసిగట్టి ధర తెగ్గోస్తే అది పచ్చి దోపిడీ. అందుకే ఆ గడిలో మనుషుల పేర్లు రాయకూడదు, అప్పులు రాయకూడదు. దారి, వేళ, వాతావరణం, పంట, భాష, వసతి రాయాలి. ఏనుగులు తిరిగే కాలమని తెలిస్తే దాన్ని వాయిదా గడువు జరపడానికి వాడాలి. తెలుగులో ఇందుకు మంచి ఒరవడి ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి, మజిలీ మజిలీకీ నీటి వసతి, అంగళ్లలో దొరికే సరుకు, దారి బాగోగులు రాస్తూ పోయాడు. వెనక వచ్చేవాళ్లకు పనికిరావాలన్న తలంపు ఆ రాతలో అడుగడుగునా కనిపిస్తుంది.

గడి పెట్టగానే ఉద్యోగులు మొక్కుబడిగా ఏదో నింపుతారని మేనేజర్లు అంటారు. మార్కులు వేస్తే అలాగే నింపుతారు. ఒక్క వాక్యం చాలని, రాయడానికేమీ లేకపోతే ఖాళీగా వదలొచ్చని చెబితే ఆ బెడద చాలావరకు తప్పుతుంది. పైగా ఇది ఉద్యోగి మీద మోపే అదనపు బరువు కూడా కాదు. ఏళ్ల తరబడి ఒకే లైను తిరిగిన మనిషికి ఇవన్నీ నోటికి వచ్చే ఉంటాయి. అతనికి బదిలీ అయినప్పుడు కొత్తగా వచ్చినవాడి చేతికి అందేది బాకీల జాబితా, ఫోన్ నంబర్లు మాత్రమే. డిసెంబరులో అంచెట్టి మీటింగు మధ్యాహ్నం మూడింటికి పెట్టుకోవాలన్న మాట అందులో ఉండదు.