నాలుగు ప్లగ్గులు, ఒక పానా

కారు స్పార్క్ ప్లగ్గులు మార్పించడానికి ఓసారి షోరూమ్‌కి వెళ్తే ప్లగ్గుల ధర కన్నా మజూరీయే ఎక్కువైంది. ఆ తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ పక్కన నిలబడి ఆ పని నేర్చుకున్నాను.

ముందు ఇంజన్ మీద చెయ్యి ఆనించి చూశాడు. "చల్లారనివ్వండి సార్. హెడ్డు అల్యూమినియంది, వేడి మీద విప్పితే మరలు పోతాయి" అన్నాడు. ప్లగ్గు మీది కాయిల్ తీశాక ఆ గుంతలోని దుమ్మును గాలితో ఊదాడు. ఇసుక రేణువు లోపల పడితే సిలిండర్ గోడ గీసుకుపోతుంది మరి. పాత ప్లగ్గును వెలుతురులో తిప్పి చూసేటప్పుడు అతని ముఖంలో నాడి పట్టుకున్న వైద్యుడి శ్రద్ధ కనిపించింది. పింగాణీ మొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజన్ బాగున్నట్టే. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ పడుతోందని అనుమానం. ఆయిల్ జిడ్డుంటే పిస్టన్ రింగులో, వాల్వు సీళ్ళో అరిగి ఉండొచ్చు.

పనితనమంతా కొత్తది బిగించడంలోనే ఉంది. మొదట వేళ్ళతోనే తిప్పాలి. మర సరిగ్గా పట్టిందో లేదో వేళ్ళకే తెలుస్తుంది. వాషర్ ఆనాక పానాతో మరో అర చుట్టు, లేదా కాస్త ఎక్కువ. అంతకు మించి బిగించకూడదు. ఎంత బిగించాలో ప్లగ్గు డబ్బా మీదే రాసి ఉంటుంది, చూసుకోండి.

ప్లగ్గులు పైనే కనిపించే నాలుగు సిలిండర్ల చిన్న కారుకు ఇది గంట పని. ధైర్యంగా మీరే చేసుకోండి. పాత ప్లగ్గు మొరాయిస్తే మాత్రం బలం చూపకండి, మెకానిక్‌ని పిలవండి.