దాచుకోవడానికి చోటులేని బట్ట

పొందూరు ఖద్దరు మీద పుస్తకం రాశాననీ, ముందుమాట కావాలనీ ఈ అమ్మాయి అడిగినప్పుడు కాస్త జంకాను. గాంధీగారి మెప్పు, అక్కినేని పంచెకట్టు, చివర ఒక రాట్నం ఫొటో: వీటితో సరిపెట్టేసిన వ్యాసాలు చాలానే చదివి ఉన్నాను. ఈమె ఆ సంగతులన్నీ ఒక్క పేజీలో ముగించేసి, తిన్నగా వాలుగ చేప దవడ దగ్గరికి వెళ్లింది. అక్కడ నాకు నమ్మకం కుదిరింది.

శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో పత్తిని శుభ్రం చేసేది ఆ దవడతోనే. సన్నటి పళ్ల వరుస పోగుల్ని సాపుచేసి నలుసుల్ని లాగేస్తుంది. ఆ తర్వాత గింజ తీయాలి, ఏకాలి, ఏకులు చుట్టాలి, ఒంటికదురు రాట్నం మీద వడకాలి. నూలు వంద కౌంటు దాకా వెళ్తుంది. ఆ అంకె వినడమే తప్ప అర్థం తెలియని నాబోటివాళ్లకు ఆమె లెక్క విప్పి చెప్పింది. మిల్లుల వాడుకలో ఉన్న ఇంగ్లీషు కౌంటు ప్రకారం, ఒక్క పౌను పత్తిలోంచి 840 గజాల చిలపలు నూరు రావాలి. అంటే 84,000 గజాలు. 76 కిలోమీటర్ల పైచిలుకు దారం.

ఇంతా చేశాక చేతికొచ్చేది ఒక తెల్ల పంచె. పువ్వులద్దిన చీరలో ఎక్కడో పోగు లావైతే పువ్వు దాన్ని కప్పేస్తుంది. ఇక్కడ కప్పేందుకు ఏమీ లేదు. వడికిన చెయ్యి ఒక్క క్షణం ఏమరితే, కట్టుకున్నవాడి భుజం మీద అది కనబడుతుంది. చెయ్యి బాగా తిరిగినవాళ్లకే సాదాగా చేసే ధైర్యం ఉంటుందని నేను అనుకుంటూ వచ్చింది ఇందుకే.

ఈమధ్య కొన్ని దుకాణాల్లో కావాలని గరుకుగా నేయించిన బట్టకు ‘సహజం’ అని చీటీ తగిలించి అమ్ముతున్నారు. చేతిపని ముతకగా ఉండి తీరాలన్నది ఎవరి ఊహో! పొందూరు పంచె ఒకసారి వేళ్లతో తడిమితే ఆ ఊహ పోతుంది. నన్నడిగితే, దొంగ గరుకుతనం దొంగ జరీకన్నా పెద్ద అబద్ధం.

రచయిత్రి డిజైన్ చదువుకున్న పిల్ల. ఆ చదువుతో పేదవాళ్ల వసారా కూడా అందంగా కనబడే ప్రమాదం ఒకటుంది. ఈమె అందులో పడలేదు. వడికే ఆడవాళ్ల లేమికి నిరాడంబరత అని ముద్దుపేరు పెట్టలేదు. కూలి ఎంత గిడుతుందో, నడుము ఎక్కడ పట్టేస్తుందో, కూతుళ్లు ఈ పనిలోకి ఎందుకు రామంటున్నారో వాళ్ల యాసలోనే చెప్పించింది. పుస్తకంలో అన్నిటికన్నా బరువైన భాగం అదే. తొందర ఉన్నవాళ్లు ముందు దాన్ని చదవండి. బొమ్మలు ఉట్టి నల్లసిరా గీతలు. దవడ బొమ్మలో పళ్లు ఎటు వాలి ఉన్నాయో కూడా తెలుస్తుంది.

కొరత ఒకటి చెప్పకపోతే పెద్దరికం నిలవదు. మగ్గం అధ్యాయం మరీ పొట్టిది. జాందానీ అంచు నేసేవాడు పోగు వెంట పోగు చేత్తో దూర్చుకుంటూ పోయే పని, నాలుగు పేజీల్లో తేలేది కాదు. రెండో ముద్రణకు ఆ అధ్యాయం పెంచమని అమ్మాయికి చెప్పాను. సరేనంది.