రాతిలో వసంతాలాట

హంపిలో మహానవమి దిబ్బ గోడల వెంట నడిస్తే విజయనగరం తన బలాన్ని తానే చెప్పుకున్నట్టు ఉంటుంది. బారులు తీరిన ఏనుగులు, గుర్రాలను నడిపించుకొచ్చే పరదేశి వర్తకులు, ఒంటెలు, మల్లుల పట్లు, జింకల వేట, కొలువులో కూర్చున్న రాజులు. ఈ వరుసల్లోనే ఒకచోట ఆడవాళ్లు చిమ్మనగ్రోవులు పట్టుకుని వసంతాలాడుతుంటారు. అక్కడ కత్తి లేదు, కప్పం లేదు, దండాలు లేవు. ఒకరినొకరు తడపాలన్న ఉబలాటమే ఉంది. సామ్రాజ్యపు సింహాసన వేదిక మీద ఈ ఆటకు చోటిచ్చిన శిల్పులను తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతుంది. వాళ్ల పనితనాన్ని పరిచయం చేయడానికే ఈ నాలుగు మాటలు.

బళ్లారి నుంచి హంపి అరవై కిలోమీటర్ల దూరం. ఈ గడ్డ మీద జిల్లాల గీతలు చాలాసార్లు మారాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. 2021లో హోసపేట కేంద్రంగా విజయనగర జిల్లా విడిపోయి, హంపి అందులోకి వెళ్లింది. గీత ఎటు జరిగినా ఇక్కడి ఇళ్లలో తెలుగూ కన్నడమూ ఒకే వసారాలో కూర్చుని మాట్లాడుకుంటాయి. ఉగాది ఇద్దరికీ ఒకే రోజు వస్తుంది. పక్కనున్న కన్నడింటి బేవు బెల్లం తెలుగింటికి, తెలుగింటి షడ్రుచుల పచ్చడి పక్కింటికి వెళ్తాయి. ఓళిగలు రెండిళ్లలోనూ కాలుతాయి.

దిబ్బను ఒకేసారి కట్టలేదు. పద్నాలుగో శతాబ్దంలో మొదలై అంచెలంచెలుగా పెరిగింది. అడుగున ఒక్కో వైపు సుమారు నలభై మీటర్లు ఉంటుంది. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ దీన్ని విజయ గృహం అన్నాడు, కళింగ దండయాత్ర ముగించుకు వచ్చాక కృష్ణదేవరాయలు దీన్ని కట్టించాడని రాశాడు. కింది అంతస్తుల పట్టీలు బూడిదరంగు గ్రానైట్‌లో ఉన్నాయి. పడమటి ముఖానికి తర్వాతి కాలంలో ముదురు పచ్చని మెత్తరాయి తొడిగారు.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం. హళేబీడులో హొయసల శిల్పులకు దొరికింది మెత్తని బలపపు రాయి. అందులో హారంలోని ముత్యాన్ని, చెవిపోగు నీడను కూడా చెక్కగలిగారు. హంపి శిల్పికి దొరికింది పలుకుబారిన గ్రానైట్. ఉలి కొంచెం గట్టిగా దిగితే పెళ్ల లేచిపోతుంది. కనురెప్ప వెంట్రుకలు చెక్కడానికి అది ఒప్పుకోదు. అందుకే దిబ్బ మీది శిల్పి నగల వెంట పడలేదు, మనిషి నిలబడ్డ తీరు వెంట పడ్డాడు. అడ్డంగా సాగే పట్టీల మధ్య, వెనక చెట్టూ గోడా పెద్దగా పెట్టకుండా, ఎక్కువగా మనుషుల్నే ఉబ్బెత్తుగా లేపాడు. ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి. కొప్పు ఎటు వాలింది, మోకాలు ఎంత వంగింది, చెయ్యి ఎంత చాచింది అన్నదాన్ని బట్టే ఆ మనిషి ఏం చేస్తున్నదీ మనకు తెలుస్తుంది. ఆటగత్తెల పట్టీ చూడండి. గజ్జె ఒక్కటీ స్పష్టంగా కనబడదు, అయినా తాళం కనబడుతుంది. ఒకరి మోకాలి వంపు పక్కవారి మోకాలికి జవాబు చెబుతుంది.

వసంతాల దృశ్యంలో శిల్పికి వచ్చిన చిక్కు ఇంకా పెద్దది. ఈ ఆటకు ప్రాణం రెండే రెండు వస్తువులు, రంగూ నీళ్లూ. బూడిదరంగు రాతిలో రంగు చూపించలేడు. జారిపోయే నీటిని గ్రానైట్‌లో నిలబెట్టలేడు. ఏ పండుగను చెక్కమన్నారో ఆ పండుగ సామాను రెండూ అతనికి అందవు. అప్పుడతను బరువంతా మనుషుల మధ్య ఉన్న జాగా మీద వేశాడు. గ్రోవి ఎత్తిన చెయ్యి ఒకవైపు, దాని గురిలో నిలబడ్డ మనిషి మరోవైపు. ఆ రెంటి నడుమ ఉన్న ఖాళీ రాతిలోనే చూసేవాడి కన్ను నీటిధారను పూర్తి చేసుకుంటుంది. రాయి పొడిగానే ఉంటుంది, మనం తడుస్తాం. ఏమీ చెక్కని చోట చూసేవాడి చేత పని చేయించడం పనితనంలో చాలా పై మెట్టు.

ఈ దృశ్యం శిల్పి ఊహలోంచి పుట్టింది కాదు. 1420 ప్రాంతంలో విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు నికొలో దె కాంటి తన యాత్ర విశేషాలు చెప్పగా, పొగ్గియో బ్రాచ్చొలీని అనే ఇటలీ పండితుడు లాటిన్‌లో రాసిపెట్టాడు. ఆ నగరపు పండుగలు చెబుతూ మూడు రోజుల ఆట ఒకదాన్ని వివరించాడు. దారుల పక్కన కుంకుమపువ్వు రంగు నీళ్లు సిద్ధంగా పెట్టి, వచ్చేపోయే వాళ్లందరి మీదా చల్లేవారట. రాజునీ రాణినీ కూడా వదిలేవారు కారట. అందరూ దాన్ని నవ్వుతూనే స్వీకరించేవారట.

ఇదే దిబ్బ మీద శరత్కాలంలో జరిగే మహానవమి గురించి పేస్ రాసింది చదివితే తేడా బోధపడుతుంది. అక్కడ ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ముందు నమస్కరించాలో, సైన్యం ఏ వరుసలో రావాలో అంతా కట్టుదిట్టం. మహానవమి ఎవరి చోటు వారికి గుర్తుచేసే పండుగ. వసంతోత్సవం ఆ చోట్లను మూడు రోజులపాటు మరిపించే పండుగ. రాజు కూర్చునే వేదికనే చెక్కుతూ, రాజును తడిపే ఆటను కూడా దాని మీదే చెక్కడం విజయనగరం ఎంత నిబ్బరంగా ఉండేదో చెబుతుంది. తన మీద రంగు పడితే గౌరవం కరిగిపోతుందని భయపడే రాజ్యం ఇలాంటి పట్టీని గోడకెక్కనివ్వదు.

ఇదే ఋతువును కుంచె పట్టుకున్నవాళ్లు ఎలా పట్టుకున్నారో చూడాలంటే విరూపాక్షాలయానికి వెళ్లాలి. 1510 నాటి శాసనం అక్కడి రంగమండపాన్ని కృష్ణదేవరాయల పట్టాభిషేకంతో ముడిపెడుతుంది. దాని కప్పు మీద ఎర్రమట్టి, పసుపుమట్టి రంగుల్లో, నల్లని గీతల్లో కథలు పరచి ఉన్నాయి. విద్యారణ్యుల ఊరేగింపు, అర్జునుడి మత్స్యయంత్రం, త్రిపురసంహారం, దశావతారాలు. ఆ బొమ్మల కాలం మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, కాని వాటి కూర్పు మీద ఎవరికీ పేచీ లేదు. ఒక పలకలో మన్మథుడు ధ్యానంలో ఉన్న శివుడి మీదికి విల్లు ఎక్కుపెట్టి ఉంటాడు.

చిత్రకారుడు ఏ క్షణాన్ని ఎంచుకున్నాడో గమనించండి. మూడో కన్ను మంటను, బూడిద కుప్పను వేయొచ్చు, చూడటానికి ఆర్భాటంగా ఉంటుంది. అతను దానికి ముందటి ఊపిరినే పట్టుకున్నాడు. ఒక వైపు లాగిన నారి, మరో వైపు కదలని యోగి. దిబ్బ మీది శిల్పి గ్రోవికీ మనిషికీ మధ్య జాగా వదిలినట్టే ఇతనూ బాణానికీ శివుడికీ మధ్య జాగా వదిలాడు. ఒకరు రాతిలో, ఒకరు సున్నపు పూత మీద, ఇద్దరూ వసంతాన్ని ఒకేలా అర్థం చేసుకున్నారు. వసంతం ఒక్కరిలో ఉండదు, ఒకరి నుంచి ఒకరికి వెళ్లే దారిలో ఉంటుంది. అదే కప్పు మీద గిరిజా కల్యాణం కూడా ఉంది. ఎక్కుపెట్టిన బాణం చివరికి చేరేది పెళ్లిపందిరికే.

హంపి వాళ్లకు ఇది పురాణంలో దూరంగా ఉన్న కథ కాదు. శివుడి కోసం పంపాదేవి తపస్సు చేసింది ఇక్కడేనని, శివుడు కాముణ్ణి దహించింది పక్కనున్న హేమకూటం మీదేనని వాళ్ల నమ్మకం. గుడి ఉత్తర ద్వారం దాటగానే మన్మథ గుండం ఉంది. అందుకే ఇక్కడి వసంతం ఒక్కరోజుతో ముగియదు. ఫాల్గుణ పున్నమికి కాముని దహనం. మర్నాడు తప్పెట్ల మోతతో రంగులాట, ఆ తర్వాత తుంగభద్ర స్నానం. ఆ వీధుల్లో ఇప్పుడు దేశదేశాల యాత్రికులు కూడా ఊరివాళ్లతో కలిసి తడుస్తారు. చైత్ర శుద్ధ పాడ్యమికి ఉగాది. చైత్ర పున్నమికి విరూపాక్షుడి రథోత్సవం. కాముడు కాలిన పున్నమి నుంచి దేవదంపతులు రథమెక్కే పున్నమి దాకా నెల రోజుల కథ నడుస్తుంది. కృష్ణదేవరాయలు సంస్కృతంలో రాసిన జాంబవతీ కల్యాణం నాటకాన్ని ఆడించింది కూడా ఈ విరూపాక్షుడి చైత్రోత్సవానికి చేరిన జనం ముందే. వసంతానికి నాటకం కావాలని రాజుకు తోచింది, ఆ నాటకం పెళ్లి కథే కావాలనీ తోచింది.

ఇంతటి వారసత్వం ఉన్న మనం ఈ ఋతువును ఇంటివాళ్లతో, స్నేహితులతో ఎలా జరుపుకోవాలి? దిబ్బ మీది పట్టీయే మంచి పాఠం చెబుతుందని నా నమ్మకం.

మొదటిది, రంగును మన చేతులతో తయారు చేసుకోవాలి. మన పెళ్లిళ్లలో చల్లుకునే వసంతం పసుపు నీళ్లలో కొంచెం సున్నం కలిపితే వస్తుంది. క్షారం తగలగానే పసుపులోని రంగు ఎర్రబారుతుంది. బిందెడు పచ్చని నీళ్లలో చిటికెడు సున్నపుతేట పడగానే ఎరుపు పాకడం చూస్తే పిల్లలు చప్పట్లు కొడతారు. పాళ్లు తెలిసిన పెద్దవాళ్లే సున్నం వేయాలి. ఎక్కువైతే ఒళ్లు మండుతుంది, కంట్లో పడితే ప్రమాదం. చిన్నపిల్లల కోసం సున్నం జోలికి పోకుండా మోదుగపూలు మరిగించి చల్లార్చితే చాలు, కాషాయపు నీళ్లు వస్తాయి. మోదుగ విరగపూసేదీ ఈ రోజుల్లోనే. రంగు చేసుకోవడంలో సగం పండుగ అయిపోతుంది, ఎందుకంటే ఒకరు పూలు ఏరాలి, ఒకరు పొయ్యి చూడాలి, ఒకరు వడకట్టాలి.

రెండోది, ఆటలో ఇంటి పెద్దను కూడా తడపాలి. విజయనగరంలో రాజుకే మినహాయింపు లేనప్పుడు మన తాతయ్యకు, మామగారికి ఎందుకు ఉండాలి? బావా మరదళ్ల వేళాకోళం దగ్గరే ఆగిపోకుండా, ఇంట్లో పనిచేసే మనిషి కూడా యజమాని మీద నవ్వుతూ నీళ్లు చల్లగలగాలి. వద్దన్నవాళ్ల మీద ఒక్క చుక్క కూడా చల్లకూడదు. నవ్వుతూ స్వీకరించేవారు అన్న కాంటి మాటే ఈ ఆటకు ఉన్న ఒకే ఒక్క నియమం.

మూడోది, నీళ్లతో పాటు పాట, ఆట ఉండాలి. దిబ్బ మీద చిమ్మనగ్రోవుల వాళ్లతో పాటు డోళ్లు కొట్టేవాళ్లు, ఆడేవాళ్లు కూడా ఉన్నారు. పెరట్లోనో మిద్దె మీదో నలుగురు కోలాటం వేసినా సరిపోతుంది. చుట్టుపక్కల పిల్లలతో చిన్న నాటకం వేయిస్తే మరీ మంచిది. ఆట ఉగాది నాడైతే, సాయంత్రం పంచాంగ శ్రవణానికి కూర్చుంటే ఒంటి మీది తడి ఆరేలోపు కొత్త సంవత్సరపు ఆదాయ వ్యయాలూ తెలిసిపోతాయి.

వసంతంలో నీటినీ మంటనూ పిలిచేది మనం ఒక్కరమే కాదు. థాయిలాండ్ వాళ్లు ఏప్రిల్ నడుమ సొంగ్‌క్రాన్‌కు ముందుగా పెద్దల చేతుల మీద నీళ్లు పోసి దీవెనలు తీసుకుంటారు, తర్వాత వీధిలో ఒకరినొకరు ముంచెత్తుకుంటారు. ఇరాన్ వాళ్లు నౌరోజ్‌కు ముందు మంగళవారం సాయంత్రం మంట మీదుగా గెంతుతారు. 1443లో విజయనగరానికి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్ ఆ నౌరోజ్ జరుపుకునే హెరాత్ నుంచి వచ్చినవాడే. దిబ్బ మీద పరదేశి గుర్రాల వర్తకులకూ వసంతాలాడే ఆడవాళ్లకూ ఒకే గోడ మీద చోటు దొరికిందంటే, దూరపు మనుషులు ఇక్కడి పండుగకు కొత్తవాళ్లు కారన్నమాట. మనింటి వసంతానికి పక్క రాష్ట్రం స్నేహితుల్ని, దూరదేశం నుంచి వచ్చినవాళ్లను పిలవడం ఈ నేల పాత అలవాటే.

వీలైతే చైత్ర పున్నమికి హంపి వెళ్లి రథాన్ని చూడండి. ఆ మర్నాడు పిల్లల్ని దిబ్బ దగ్గరికి తీసుకెళ్లండి. హంపి 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. ఆ రాళ్ల మీద రంగు చల్లకూడదు, చేత్తో రాయకూడదు. కళ్లతో చూడటానికి మాత్రం అడ్డు లేదు. ఏనుగుల్ని, గుర్రాల్ని పిల్లలు తామే లెక్కపెట్టుకుంటారు. వసంతాల పట్టీ దగ్గర మాత్రం కాసేపు ఆపి, నీళ్లు ఎక్కడున్నాయో చూపించమని అడగండి. వాళ్లు వేలు పెట్టి చూపేది శిల్పి ఏమీ చెక్కని జాగానే. ఆ పేరు తెలియని పనివాడు ఎంత గొప్పవాడో ఏ పుస్తకం చదవకుండానే వాళ్లకు అర్థమవుతుంది. వచ్చే ఫాల్గుణానికి ఇంట్లో పసుపు ఎవరు నూరాలి, గ్రోవి ఎవరు పట్టాలి, ముందుగా ఎవరిని తడపాలి అన్న చర్చ అక్కడే మొదలవుతుంది.