‘శివ’ చిత్రమున విద్యార్థి

1989 అక్టోబరు 5న విడుదలైన ‘శివ’ చలనచిత్రము తెలుగునాట విద్యార్థికొక రూపమును స్థిరపఱచినది: చేత సైకిలు చెయిను, ఎదుట రౌడీమూక. దర్శకుడు రామ్ గోపాల్ వర్మ విజయవాడ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు. 1988 డిసెంబరు 26న వంగవీటి రంగా హత్యానంతరము ఆ నగరము కల్లోలమును చవిచూచినది. కావున కథ నిరాధారమనుట తగదు.

అయినను ఇందలి విద్యార్థికి కళాశాల యెన్నిక కలదు గాని పరీక్షాభీతి లేదు. ఊరికి పోవు కడపటి బస్సు తప్పునన్న తొందరయు లేదు. దివిసీమనుండియు గుడివాడనుండియు వచ్చి, బెజవాడ హాస్టలు గదులలో ఎంసెట్టునకై రాత్రులు మేల్కొన్న బాలురకు చెయినుతో పనియేమి? వారి వెఱపు ర్యాంకువలనిది. దానిని చూపుటకు వీరుడక్కఱలేదు కాబోలు! ఇక బాలికల మాట: అమల ధరించిన ఆశ పాత్ర కళాశాలలో ప్రవేశించి, ప్రేయసియై, గృహిణియై నిలిచినది, ఆమె చదువేమైనదో కథ అడుగనేలేదు.