జారుటయందలి నేర్పు

మోటారు పందెములందు సామాన్యముగా జయాపజయములను తేల్చునది గడియారము. డ్రిఫ్టింగునందు అట్లు కాదు. వెనుక చక్రములు పట్టు విడిచి, కారు అడ్డముగా జారుచు, టైర్ల పొగ నడుమ మలుపును దాటుచుండగా, అది నడచిన బాట నిర్దిష్టమైనదా, తిరిగిన కోణమెంత, ఆ గమనమున వేగమును సొగసును ఏపాటివి అని న్యాయనిర్ణేతలు విచారింతురు. వేగమును మాత్రమే కొలుచు క్రీడకును, వేగమును రూపముగా తీర్చు ఈ విద్యకును ఇదియే భేదము.

దీనికి ఆద్యుడుగా పేరొందినవాడు జపాను దేశీయుడగు కునిమిత్సు తకహాషి. 1961లో పశ్చిమ జర్మనీయందు మోటారు సైకిలు గ్రాండ్ ప్రీ గెలిచి, అట్టి విజయమందిన తొలి జపానీయుడై, పిమ్మట కార్ల పందెములకు మరలిన ఈ వీరుడు, 1970వ దశాబ్దమున, మలుపులోనికి అతివేగమున చొచ్చి, కారును జారనిచ్చి, వేగము సడలకుండ బయటపడు రీతిని ప్రేక్షకులకు చూపెను. దానికి ముగ్ధుడైన కెయిచీ త్సుచియా అను చోదకుడు ఆ రీతిని కొండదారులలో అహోరాత్రములు సాధించి, 1987లో వెలువడిన ‘ప్లస్పీ’ అను వీడియోతో దేశమెల్ల ప్రసిద్ధుడయ్యెను. ఇది వట్టి ఆర్భాటమని ఈసడించువారికి నేను చూపదలచిన నిదర్శన మొకటి కలదు: 1995లో ఫ్రాన్సునందలి లె మాన్ 24 గంటల పందెమున, ఈ గురుశిష్యు లిరువురును అకిరా ఈదాతో కూడి, హోండా ఎన్.ఎస్.ఎక్స్. కారును నడిపి తమ తరగతియందు ప్రథములైరి.

ఇక క్లచ్ కిక్ అను ప్రక్రియను దగ్గరగా పరికింతము. మలుపు సమీపింపగా చోదకుడు కుడిపాదమును యాక్సిలరేటరుపై నుండి తీయకయే, ఎడమపాదముతో క్లచ్‌ను క్షణకాలమదిమి చటుక్కున విడుచును. ఆ లిప్తలో హెచ్చిన ఇంజను వేగము ఒక్క ఉదుటున వెనుక చక్రములకు చేరి, టైర్లు రోడ్డును పట్టుకొనలేక జారును. అంతట కారు తోక బయటికి పోవుచుండగా, చోదకుడు స్టీరింగును వడిసి పట్టక, వ్రేళ్ల నడుమ దానంతట దానిని తిరుగనిచ్చి, తగినచోట ఆపును. ముందు చక్రములు కారు పోవు దిక్కునకే చూచుచుండును. యాక్సిలరేటరు ఒకింత ఎక్కువైనచో కారు గిర్రున తిరిగిపోవును. ఒకింత తక్కువైనచో టైర్లు హఠాత్తుగా పట్టు చిక్కించుకొని రెండవ వైపునకు విసరివేయును. పట్టు తప్పించుట ఎవనికైనను సాధ్యమే; తప్పిన పట్టును తన వశమునం దుంచుకొనుటయే విద్య.

జంటపోటీలలో ఈ నేర్పు పరాకాష్ఠ నందును. ముందరి కారు పొగలో దారి కానరాకున్నను, వెనుకటి కారు అదే కోణమున, అంగుళముల దూరమున, కోలాటమున జతగాని లయ ననుసరించువానివలె, తాకక వీడక వెన్నంటవలెను.

అభిమానుల నిష్ఠయు ఇట్టిదే. 1983లో పుట్టి 1987లో తయారీ నిలిచిపోయిన టయోటా ఏఈ86 అను చిన్నకారును, శుయిచీ షిగెనో 1995లో ఆరంభించిన ‘ఇనిషియల్ డి’ అను డ్రిఫ్టింగు బొమ్మల కథ ఎందరికో ఆరాధ్యవస్తువుగా గావించెను. ఆ కారును విడువలేక మరమ్మతు చేసికొనువారి కొరకు టయోటా సంస్థయే కొన్ని విడిభాగములను మరల తయారు చేయుటకు 2021లో పూనుకొనెను. ఫుకుషిమా మండలమందలి ఎబిసు సర్క్యూటులో జరుగు ‘డ్రిఫ్ట్ మత్సురి’ ఉత్సవమునకు దేశాంతరముల నుండియు చోదకులు వచ్చి, టైర్లు అరుగువరకు నడిపి, విరిగినవానిని చేతులారా బాగుచేసికొందురు. బహుమానముపై ఆశ లేని ఈ శ్రమను చూచిన పిదప, వీరిది తాత్కాలికమైన మోజని అనుటకు నాకు నోరు రాదు.

అయితే ఈ విద్యకు రహదారి తగిన చోటు కాదు; కొండదారులలోని పరుగుల మూలమున త్సుచియా పోటీ లైసెన్సు కొంతకాలము నిలిపివేయబడెను. నేడీ విద్యకు సర్క్యూట్లును, డి1 గ్రాండ్ ప్రీ వంటి పోటీలును, నేర్పు గురువులును కలరు. కావున దీనిపై మక్కువ గల మన యువకులు, పరుల ప్రాణములు సంచరించు రహదారులను విడిచి, హెల్మెటు ధరించి, సర్క్యూటునందే దీని నభ్యసింతురు గాక.