అద్దానికి బెజ్జం ఉండదు

కుట్టుపని అంటే మన ఇళ్లలో ఎందుకో చిన్నచూపు. సంగీతం కళ, చిత్రలేఖనం కళ. కుట్లూ అల్లికలూ మాత్రం ఆడవాళ్ల కాలక్షేపం! ఈ మాట అనేవాళ్లకు నేను రెండు రకాల బట్టలు చూపిస్తాను. ఒకటి చైనా చక్రవర్తి అంగీ. రెండోది మన గుంటూరు, ప్రకాశం చేలల్లోకి మిరప కోతలకూ పత్తి తీతలకూ వచ్చే లంబాడీల్లో పెద్దవయసు ఆడవాళ్ల ఒంటిమీద ఇంకా కనిపించే పేటియా, కంచళి. అంటే వాళ్ల లంగా, రవిక.

ఈ రెండింటినీ ఒకే తక్కెట్లో పెట్టడమేమిటని నవ్వకండి. ముందు చక్రవర్తి సంగతి వినండి. కొలువులో ఎవరు ఏ రంగు తొడగాలో, ఏ బొమ్మ ఎవరికి చెల్లుతుందో 1759లో చియెన్‌లుంగ్ చక్రవర్తి పద్దు రాయించాడు. సూర్యుడు, చంద్రుడు, చుక్కలు, కొండ, నిప్పు, ధాన్యపు గింజలు వగైరా పన్నెండు గుర్తులూ ఆ శాసనం ప్రకారం ఆయనవే. అంచున అలలు, అలల్లోంచి లేచిన కొండలు, ఆ పైన మబ్బుల్లో డ్రాగన్లు. డ్రాగన్లు తొమ్మిది, అందులో ఒకటి ముందు మడత కింద దాగి ఉంటుంది. అంగీ తొడిగాక లోకమంతా ఆయన ఒంటిమీదే! లోకానికి పైన మిగిలేది ఆయన తల ఒక్కటే. "ఇదంతా నాది" అంటుంది ఆ అంగీ.

మరి పేటియా ఏమంటుంది? లంబాడీలు ఒకప్పుడు ఎద్దులమీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు. రోడ్లూ రైళ్లూ వచ్చాక ఆ బతుకు పోయింది. తిరిగే మనిషికి బీరువా ఎక్కడిది? అందుకే కాబోలు, గవ్వలూ నాణేలూ అన్నీ గుడ్డమీదికే ఎక్కాయి. గవ్వ కూడా ఒకనాటి డబ్బేనని మరిచిపోకండి. "నాకున్నదంతా నాతోనే ఉంది" అంటుంది పేటియా. నా లెక్కలో ఇది మొదటిదానికంటే పెద్దమాట.

పనితనం చూద్దామా? డ్రాగన్‌కు వాడే బంగారు దారం పెళుసు. సూదిలో ఎక్కించి గుడ్డలోంచి లాగితే చెడిపోతుంది. కనుక దాన్ని గుడ్డమీద పరిచి, సన్నటి పట్టుదారంతో అడుగడుగునా కట్టేస్తారు. లంబాడీ అద్దానిదీ అదే కథ. అద్దానికి బెజ్జం ఉండదు, కుట్టడానికి వీల్లేదు. దానిమీద నిలువునా అడ్డంగా దారాలు వేసి, ఆ దారాలను పట్టుకుని చుట్టూ గూడు అల్లాలి. రెండుచోట్లా మెరిసేది ఒకటి, దాన్ని పట్టి ఉంచేది మరొకటి. ఆ మాటకొస్తే సంసారాల్లోనూ అంతేగా!

అయితే ఒక్క తేడా ఉంది. సుచౌ, నాన్‌కింగ్ పనిశాలల్లో నెలల తరబడి కళ్లు కాయలు కాసేలా కుట్టినవాళ్లు ఆ అంగీని ఒక్కరోజైనా తొడుక్కోలేదు. తండాలో మాత్రం తల్లి దగ్గర నేర్చుకున్న కుట్టు కూతురి ఒంటిమీదికే వస్తుంది. రంగుల్నీ ముక్కల్నీ ఎంచుకునేదీ ఆమే, తొడిగేదీ ఆమే. కుట్టినామెకూ తొడిగినామెకూ మధ్య శాసనం లేదు. విమర్శకురాలిగా నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే.

1912లో చక్రవర్తి గద్దె దిగాక ఆ అంగీలు బజారుకొచ్చాయి. కొన్ని మ్యూజియాలు చేరాయి, కొన్ని ముక్కలయ్యాయి. మన పేటియాలూ ఆ దారే పట్టాయి. ఎగ్జిబిషన్లలో మనం ముచ్చటపడి కొనే అద్దాల సంచుల్లో, దిండు గలీబుల్లో పాత పేటియా ముక్కలు ఎన్నో! "ఇరవై తగ్గించు" అని బేరమాడే ముందు ఆ ముక్కను ఒక్కసారి తిరగేసి చూడండి. వెనకవైపు కుట్టులో ఆమె ఓపిక కనిపిస్తుంది.

అలాగని, చీరలకూ పంజాబీ డ్రెస్సులకూ మారిన తండా పిల్లల్ని "మీ వేషమే వేసుకోండి" అనే హక్కు మనకెక్కడిది? ఎండలో ఆ బరువు మోసేది మనం కాదు కదా. కుట్టు బతకాలంటే కావలసింది వేషం కాదు, కూలి. పొరుగున కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపుతోపాటు గిట్టుబాటు ధర కూడా ఉంటే, ఆ పిల్ల పేటియా తొడగకపోయినా సూది పట్టుకుంటుంది. అప్పుడు ఎవరికోసం కుట్టాలో, ఏం కుట్టాలో ఆమె ఇష్టం.