టండ్రా నుంచి తడ దాకా

జనవరి తెల్లవారుజామున సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద బండి ఆపితే రెండు పక్కలా పులికాట్ సరస్సే. ఆగిన వాళ్లందరి చూపూ దూరంగా గులాబీ గీత గీసినట్టు నిలబడ్డ రాజహంసల మీదే. ఫోన్లన్నీ అటే తిరుగుతాయి. కట్ట కింద పది అడుగుల దూరంలో, బురదలో బురదగా కలిసిపోయిన గుప్పెడంత పిట్టలు కుట్టుమిషను సూదిలా ముక్కు ఆడిస్తూ పోతుంటాయి. వాటిని పట్టించుకునే వాళ్లు తక్కువ. ఎవరైనా వంగి చూస్తుంటే, “ఆ బురద పిట్టల్లో ఏముంది సార్, హంసలు ఆ పక్కన ఉండాయి” అని దారిన పోయేవాళ్లే దయతలచి చెబుతారు. ఈ కాలమిస్టు కూడా చాలా ఏళ్లు ఆ పక్కనే చూశాడు.

ఇక్కడ నీళ్లలో నిలబడ్డ ప్రతి పక్షికీ ‘సైబీరియా పక్షి’ అని పేరు. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో ఆ మాట మరీ ఎక్కువ వినబడుతుంది. నిజానికి దగ్గరలోని నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడు కట్టే గూడబాతు దక్షిణాసియా పక్షే. రాజహంసలు గుడ్లు పెట్టే పెద్ద తావు గుజరాత్‌లోని కచ్ రణ్. సైబీరియా బిరుదుకు నిజంగా హక్కున్నవి ఈ బురద పిట్టలే. వీటిని మనవాళ్లు ఉల్లంకి పిట్టలంటారు. వాటిలో లిటిల్ స్టింట్ తూకం ఇరవై, ముప్పై గ్రాములు. దానికంటే కాస్త పెద్దదీ, ముక్కు చివర కిందికి వంగినదీ కర్లూ శాండ్‌పైపర్. అది గుడ్లు పెట్టేది ఉత్తర సైబీరియాలో, తైమీర్ ద్వీపకల్పం చుట్టుపక్కల టండ్రా నేలలో. అక్కడి నుంచి పులికాట్ ఒడ్డునున్న తడ దాకా సూటిగా కొలిచినా ఆరున్నర వేల కిలోమీటర్ల పైమాటే.

(జిల్లాల గీతలు మారి 2022లో తడ, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయాయి. ఈ తీరాన్ని నెల్లూరు తీరమనే అలవాటు మాత్రం పోలేదు, ఈ కాలమ్‌లోనూ పోదు.)

ఆ దూరాన్ని అవి ఒక్క ఊపున ఎగరవు. మధ్య ఆసియా వలస మార్గం అనే ఈ దారి ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా ముప్పై దేశాల మీదుగా పోతుంది. కజకిస్థాన్ ఉప్పు సరస్సుల్లాంటి చోట్ల దిగి, తిని, కొవ్వు పట్టించుకుని మళ్లీ లేస్తాయి. మజిలీ మజిలీకి తిండి దొరికితేనే తర్వాతి మజిలీ. కాలమిస్టుకు ఇక్కడ ఏనుగుల వీరాస్వామయ్య గుర్తుకొస్తాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన ఆయన, 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి, తిరుగుదారిలో కోస్తా వెంబడి ఒంగోలు, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయో, ఎక్కడ అంగళ్లుంటాయో రాసుకుంటూ పోయాడు. ఉల్లంకి పిట్టకు రాత వచ్చి ఉంటే దాని దినచర్య కూడా ఇంచుమించు అలాగే ఉండేది.

మనిషి ఇవాళ ఆ దారిన పోగలడా? కాగితం మీద రైళ్లున్నాయి. గూడూరులో ఎక్కితే ఢిల్లీ. అవతల రష్యాలో మూర్మన్‌స్క్ దాకా, స్వీడన్ మీదుగా నార్వేలోని నార్విక్ దాకా ఆర్కిటిక్ వలయం దాటి పట్టాలున్నాయి. నడిమధ్యలోనే తెగింది. ఒకప్పుడు అక్కడ బస్సు దారైనా ఉండేది. 1957లో ‘ఇండియామాన్’ అనే బస్సు లండన్‌లో ఏప్రిల్ 15న కదిలి జూన్ 5న కలకత్తా చేరింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆ బాటన బస్సులు తిరిగాయి. 1979లో ఇరాన్ విప్లవం, ఆ ఏడాది చివర అఫ్గానిస్థాన్‌లోకి సోవియట్ సేనలు. దారి మూతబడింది. 2019లో భారత్, పాకిస్థాన్ మధ్య తిరిగే సంఝౌతా రైలు కూడా ఆగింది. ఆ దారిన ఆర్కిటిక్ ప్రయాణం ఇప్పుడు పిట్టలకే తేలిక.

మనుషులు విమానంలో పోతారు. నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌లో నీ-ఆలెసుండ్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు బొగ్గు గని. 1962లో గనిలో పేలుడు జరిగి 21 మంది పోయాక మరుసటి ఏడు తవ్వకం ఆపేశారు. ఇప్పుడది పరిశోధకుల ఊరు. భారత్ అక్కడ 2008లో ‘హిమాద్రి’ కేంద్రం తెరిచింది. ఆ కేంద్రానికి దగ్గరి ఫ్యోర్డ్ నీళ్లలో 2014లో ‘ఇండ్‌ఆర్క్’ అనే పరికరాల గొలుసును దించారు. దాని తయారీలో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌కూ చెయ్యుంది. మనవాళ్లు చాలాకాలం ఎక్కువగా వెలుతురున్న నెలల్లోనే వెళ్లొచ్చేవారు. 2023 డిసెంబరు 18న తొలిసారి శీతాకాలపు జట్టు ఢిల్లీ నుంచి బయలుదేరింది. అక్కడ అక్టోబరు చివర మునిగిన సూర్యుడు ఫిబ్రవరి మధ్య దాకా పైకి రాడు. పరికరాలకు అడ్డురాకుండా ఊళ్లో వైఫై, బ్లూటూత్ నిషేధం. ధ్రువపు ఎలుగుబంటి భయంతో ఊరి పొలిమేర దాటాలంటే తుపాకీ ఉండాలి. వాతావరణం, మంచు, ఖగోళ పరిశీలన, అన్నీ ఆ చీకట్లోనే.

వాళ్లు అక్కడ హెడ్‌లైటు పెట్టుకుని పని చేస్తున్న రోజుల్లోనే, అదే ఆర్కిటిక్‌లో మరో మూల పుట్టిన పిట్టలు ఇక్కడ ఎండ కాగుతూ పని చేస్తుంటాయి. కాలమిస్టుకు ఈ తారుమారు భలే నచ్చుతుంది.

పులికాట్ మీదుగా పోయే ఈ శ్రీహరికోట రోడ్డు చివర రాకెట్లు లేచే చోటుంది. 2025 జులై 30న అక్కడి నుంచే నిసార్ ఉపగ్రహం వెళ్లింది. ధ్రువాల మీదుగా తిరిగే అలాంటి ఉపగ్రహానికి భూమిని ఒకసారి చుట్టడానికి వంద నిమిషాలు చాలు. మంచు కదలికలు కొలవడం దాని పనుల్లో ఒకటి. పిట్టకు టండ్రా నుంచి ఇక్కడి దాకా రావడమే వారాల మాట.

ఇక బురద సంగతి. ఉల్లంకి పిట్ట ముక్కు కొసన సన్నని నాడీ గుంతలుంటాయి. తడి బురదలోకి ముక్కు దించితే లోపలి పురుగు కంటికి కనిపించకుండానే తెలుస్తుంది. ముక్కు మొత్తం తెరవకుండా చివర మాత్రమే విప్పి లాగేయగలదు. ఇలా స్పర్శతో వెతికే పని ఇక్కడ మనుషులకూ తెలుసు. యానాదులు కలక నీళ్లలో వేళ్లతో తడిమి రొయ్యల్నీ పీతల్నీ పట్టేస్తారు. అదే బురదలోకి కాలమిస్టు ఒకసారి దగ్గరగా చూద్దామని దిగి, మోకాలి దాకా కూరుకుపోయాడు. కాలు బయటికొచ్చింది, చెప్పు రాలేదు. పిట్టలు రెండు గజాలు పక్కకు జరిగి తమ పని తాము చేసుకున్నాయి.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన ఉంటుంది. లెక్కపెట్టడానికో కిటుకుంది. ముందు పది పిట్టల్ని లెక్కించి, ఆ పది ఎంత మేర ఉందో కంటికి పట్టించుకుని, ఆ కొలతను గుంపు పొడుగునా పరుచుకుంటూ పోవాలి. సరిగ్గా సగానికొచ్చేసరికి ఏ గద్దో వాలుతుంది. గుంపంతా లేస్తుంది. మళ్లీ ఒకటి నుంచి.

గుంపులో పిల్ల పిట్టలెన్ని అన్నదానికి జవాబు ఇక్కడ దొరకదు, టండ్రాలో లెమ్మింగ్ అనే ఎలుకజాతి జీవి దగ్గర దొరుకుతుంది. లెమ్మింగ్‌లు విస్తారంగా ఉన్న ఏడు ఆర్కిటిక్ నక్కలు వాటితోనే కడుపు నింపుకుంటాయి. అవి తగ్గిన ఏడు నక్కల కళ్లు గూళ్ల మీద పడతాయి. ఆ సంవత్సరం దక్షిణాన దిగే గుంపుల్లో పిల్లలు పల్చబడతాయి. ఇక్కడి కష్టాలు వేరు. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడితే ఉప్పునీటి రాకపోక తగ్గుతుంది. తీరం వెంట రొయ్యల గుంటలు ఎటూ ఉన్నాయి. కర్లూ శాండ్‌పైపర్‌ను 2024లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ‘ముప్పు అంచున ఉన్న’ జాతుల జాబితా నుంచి ‘ముప్పులో ఉన్న’ (వల్నరబుల్) జాతుల జాబితాలోకి మార్చింది.

మార్చి దాటితే బూడిద రంగు ఈకల మధ్య ఇటుక ఎరుపు తొంగిచూస్తుంది. ఆకలి పెరుగుతుంది, ఒళ్లు గుండ్రబడుతుంది. ఏప్రిల్ గడిచేసరికి గుంపులు పల్చబడి, ఒక ఉదయం కట్ట కింద బురద ఖాళీగా కనిపిస్తుంది.

పూర్తిగా ఖాళీ కాదు. మే నెల ఎండకు నీళ్లు వెనక్కి పోయి, బురద పెంకులు పెంకులుగా పగిలిన చోట కాస్త తడి మిగిలితే అక్కడ నాలుగైదు పిట్టలు తిరుగుతుంటాయి. ఎరుపెక్కలేదు, బూడిద రంగే. నిరుడు టండ్రాలో పుట్టి, తల్లిదండ్రులు ముందే వెళ్లిపోయాక, దారి చూపే పెద్దలు లేకుండా తమంతట తామే ఇక్కడికి చేరిన పిల్లలవి. మొదటి ఏడు చాలావరకు తిరిగి పోవు. రోహిణి కార్తె వడగాడ్పులో, సగం ఎండిన పులికాట్‌లో ముక్కు ఆడిస్తూనే ఉంటాయి.